సెట్టింగ్ ఒకటే, సైజు వేరెందుకు?

మూడు గంటల పెళ్లి వీడియో ఎడిటింగ్ అయిపోయింది. ఇంట్లో లాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ తెరిచి, క్వాలిటీ 22 ఇచ్చి ఎంపీ4 తీశారు. అదే వీడియోని స్టూడియోలో మీ మిత్రుడు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అదే 22 ఇచ్చి తీశాడు. మీకు 4 జీబీ వచ్చింది, ఆయనకు 6 జీబీ. రిజల్యూషన్ ఒకటే. కోడెక్ ఒకటే, హెచ్.264. నంబరూ ఒకటే. మరి ఆ 2 జీబీ ఎక్కడిది? మీ ఫైల్లో ఏమైనా పోయిందా? ఆయన ఫైల్లో ఏమైనా అదనంగా ఉందా? పెళ్లివారికి పెన్‌డ్రైవ్‌లో ఏది వేసివ్వాలి?

ఇక్కడ చాలామంది తొందరపడతారు. పెద్ద ఫైలు చూసి "క్లారిటీ ఇందులోనే ఉంది" అని ఆ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయేవారు కొందరు. చిన్న ఫైలు చూసి "ఇది బాగా కంప్రెస్ చేస్తోంది" అని మురిసిపోయేవారు కొందరు. సైజు ఒక్కటే చూసి ఈ రెండు మాటల్లో ఏదీ అనలేం. పెద్ద ఫైల్లో బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి ఉండొచ్చు. చిన్న ఫైల్లో నిక్షేపంగా ఉండొచ్చు. తేడా ఎక్కడ పుట్టిందో తెలిశాకే ఏది మంచిదో తేలుతుంది. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు, ఒక వరుసలో వెళితే ఓ పూట పని.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మీరు చేత్తో పెట్టిన సెట్టింగులు నాలుగో, ఐదో. మీరు ముట్టుకోనివి పదుల్లో ఉన్నాయి. వాటన్నిటినీ సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం నింపేసింది. "రెండుచోట్లా సేమ్ సెట్టింగ్స్ పెట్టాను" అని మనం అంటున్నది ఆ నాలుగైదింటిని చూసి మాత్రమే. ఈ అధ్యాయంలో మనం చేయబోయేదల్లా మీరు పెట్టని ఆ సెట్టింగుల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగడం.

సాఫ్ట్‌వేర్‌కి అంత స్వేచ్ఛ ఎవరిచ్చారంటారా? హెచ్.264 ప్రమాణమే ఇచ్చింది. ఐటీయూ, ఐఎస్ఓ సంస్థలు కలిసి 2003లో ఖరారు చేసిన ఆ ప్రమాణం, వీడియోని ప్లేయర్ ఎలా విప్పి చూపించాలో అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. ఎలా కుదించాలో మాత్రం కంపెనీలకే వదిలేసింది. అమెరికా వెళ్లే పిల్లాడికి సూట్‌కేసు సర్దడం చూసే ఉంటారు. అవే పచ్చళ్లు, అవే పొడులు, అవే బట్టలు. చేయి తిరిగినవాళ్లు సర్దితే ఒక పెట్టెలో పట్టేస్తాయి, కొత్తవాళ్లు సర్దితే రెండో పెట్టె కావాలి. అక్కడ దిగాక ఎవరు సర్దిన పెట్టె అయినా జిప్పు లాగితే తెరుచుకుంటుంది. ఎన్‌కోడర్ సంగతీ అంతే. ఎవరు కుదించినా మీ ఫోన్లో ప్లే అవుతుంది. ఎంత చోటులో సర్దారన్నది ఆ ఎన్‌కోడర్ పనితనం, దానికి మీరిచ్చిన టైము.

ఇక పనిలోకి దిగుదాం.

1. సాఫ్ట్‌వేర్ పేరు వదిలేయండి, లోపలున్న ఎన్‌కోడర్ పేరు పట్టుకోండి

హెచ్.264 అన్నది ఫార్మాట్ పేరు. దాన్ని తయారుచేసే ఎన్‌కోడర్లు చాలా ఉన్నాయి. వీడియోలాన్ ప్రాజెక్టువారి ఎక్స్264 ఉచితంగా దొరుకుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లోనూ, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనూ, ఓబీఎస్‌లోనూ అది ఉంటుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే అందులో ఎన్వెంక్ అని చిప్‌లోనే ఒక ఎన్‌కోడర్ ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్‌సింక్ ఉంటుంది. ఆపిల్ మెషీన్లలో వీడియోటూల్‌బాక్స్. ఇవన్నీ హెచ్.264 ఫైలే ఇస్తాయి. కానీ ఏ రెండూ ఒకే పద్ధతిలో ఆలోచించవు.

ఇప్పుడు మీ ఎక్స్‌పోర్ట్ విండోని ఒకసారి తీరిగ్గా చూడండి. ప్రీమియర్ ప్రోలో పర్ఫార్మెన్స్ అనే చోట హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ అని ఉందా, సాఫ్ట్‌వేర్ అని ఉందా? హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో ఎన్‌కోడర్ దగ్గర హెచ్.264 పక్కన ఎక్స్264 అని ఉందా, ఎన్వెంక్ అనో క్యూఎస్‌వీ (క్విక్‌సింక్) అనో ఉందా? మీ లాప్‌టాప్‌లో ఒకటి, స్టూడియో సిస్టమ్‌లో ఇంకొకటి పెట్టి ఉంటే సగం జవాబు ఇక్కడే దొరికినట్టు.

హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ వేగం కోసం పుట్టింది. మూడు గంటల వీడియోని టీ తాగి వచ్చేలోపు తీసేయగలదు. ఆ వేగం కోసం ఫ్రేముల మధ్య పోలికల్ని తక్కువగా వెతుకుతుంది. అందుకే ఒకే క్లారిటీ కావాలంటే ఎక్స్264 తీరిగ్గా పనిచేసినప్పటికంటే సాధారణంగా ఎక్కువ చోటు తీసుకుంటుంది. రాత్రికి రాత్రి హైలైట్స్ ఇవ్వాల్సి వస్తే హార్డ్‌వేరే వాడండి, అందులో తప్పేమీ లేదు. పెళ్లివారు పాతికేళ్లు దాచుకునే ఫైలుకి మాత్రం నా ఓటు ఎక్స్264కే.

2. ఆ 22 దేనికి కొలత?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. దయచేసి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

ఎక్స్264లో సీఆర్ఎఫ్ అని ఒక నంబర్ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో దాన్నే ఆర్ఎఫ్ అంటారు. మామూలుగా 0 నుంచి 51 దాకా వెళుతుంది. నంబర్ తగ్గేకొద్దీ క్లారిటీ, సైజు రెండూ పెరుగుతాయి. ఆరు అంకెలు తగ్గిస్తే సైజు దాదాపు రెట్టింపవుతుంది, ఆరు పెంచితే సగమవుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, సీఆర్ఎఫ్ ఇవ్వడమంటే "ఈ మాత్రం క్లారిటీ ఉంచు, సైజు ఎంతయినా ఫరవాలేదు" అని ఎన్‌కోడర్‌కి చెప్పడం. సైజు గురించి మీరు అసలు మాటే ఇవ్వలేదు. ఇవ్వని మాట నిలబెట్టుకోలేదని దాన్ని తప్పుపట్టగలమా?

ఎన్వెంక్‌లో సీక్యూ అని ఇంకో నంబర్ ఉంటుంది. అదీ 51 దాకానే. చూడ్డానికి సీఆర్ఎఫ్ లాగే ఉంటుంది, లోపల లెక్క వేరు. ఎక్స్264లో 22కీ, ఎన్వెంక్‌లో 22కీ చుట్టరికం లేదు. ఇంకాస్త ముందుకెళితే, హెచ్.265 కోసం వాడే ఎక్స్265లో డిఫాల్ట్ 28. ఎక్స్264లో డిఫాల్ట్ 23. హెచ్.265కి మారుతూ పాత అలవాటుకొద్దీ 23 అలాగే ఉంచి "సైజు సగమవుతుందన్నారు, అవలేదే?" అని వాపోయేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఏవీ1 కోసం వాడే ఎస్‌వీటీ ఎన్‌కోడర్‌లో స్కేలు 51 దాటి ఇంకా పైకి పోతుంది. ఆపిల్ వీడియోటూల్‌బాక్స్‌ని హ్యాండ్‌బ్రేక్‌లో ఎంచుకుంటే దిశే తిరగబడుతుంది. అక్కడ స్కేలు 100 దాకా ఉంటుంది, నంబర్ పెరిగేకొద్దీ క్లారిటీ పెరుగుతుంది. ఎక్స్264 అలవాటుతో అక్కడ 22 ఇస్తే బొమ్మ పాడైపోతుంది.

ఇంతకీ ఏం చేయాలి? నంబర్‌ని ఎప్పుడూ ఎన్‌కోడర్ పేరుతో కలిపి చెప్పుకోండి. "22 పెట్టాను" అనకండి. "ఎక్స్264లో 22 పెట్టాను" అనండి. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి కూడా ఇదే అలవాటు చేయండి. వాట్సాప్‌లో "22 పెట్టి పంపు" అని మెసేజ్ పెట్టి, తర్వాత సైజు తేడా వచ్చిందని వాళ్లని కోప్పడటం న్యాయం కాదు.

సీఆర్ఎఫ్ బదులు బిట్‌రేట్ ఇచ్చేవాళ్లకి వేరే చిక్కు ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో 5000 కేబీపీఎస్ అంటే సగటు. ఇంకోదాన్లో అదే స్థిరమైన రేటు, ఏమీ కదలని సీన్‌లో కూడా అంతే ఖర్చు పెడుతుంది. మరొకదాన్లో అది గరిష్ఠ పరిమితి, అక్కర్లేనప్పుడు కిందికి దిగిపోతుంది. సీబీఆర్, వీబీఆర్, టార్గెట్, మ్యాక్సిమమ్ అనే మాటల్లో ఏ మాట పక్కన మీ 5000 ఉందో చూశాకే పోల్చండి.

3. ప్రీసెట్ చూశారా?

ఎక్స్264లో అన్నిటికంటే వేగమైన అల్ట్రాఫాస్ట్ నుంచి అతి నెమ్మదైన ప్లాసిబో దాకా పది ప్రీసెట్లు ఉన్నాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మీరేమీ చెప్పకపోతే మీడియం తీసుకుంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో బాగా వాడుకలో ఉన్న ఫాస్ట్ 1080పీ30 ఎంచుకుంటే ఎన్‌కోడర్ ప్రీసెట్ ఫాస్ట్. ఓబీఎస్‌లో ఎక్స్264 పెడితే వెరీఫాస్ట్. మూడుచోట్లా ఎన్‌కోడర్ ఒకటే అయినా అది పడే కష్టం ఒకటి కాదు.

మీడియంలో ఎక్స్264 ముందున్న 40 ఫ్రేముల్ని చూసుకుంటూ, ఏ భాగం తర్వాత మళ్లీ పనికొస్తుందో అంచనా వేసి అక్కడ బిట్లు ఖర్చు పెడుతుంది. ఫాస్ట్‌లో 30 ఫ్రేములే చూస్తుంది. వెరీస్లోలో 60 చూస్తుంది. అల్ట్రాఫాస్ట్ అయితే ముందూ వెనకా ఫ్రేములతో పోల్చి కుదించే బీ ఫ్రేముల్ని మానేస్తుంది, చివర్లో డేటాని గట్టిగా బిగించే క్యాబాక్ అనే దశనీ మానేస్తుంది. అందుకే అందులో ఫైలు ఉబ్బిపోతుంది.

నెమ్మది ప్రీసెట్‌కి వెళితే సైజు ప్రతిసారీ తగ్గి తీరుతుందని మాత్రం అనుకోకండి. ఒకే సీఆర్ఎఫ్‌లో వెరీఫాస్ట్ ఫైలు, ఫాస్ట్ ఫైలు కంటే చిన్నగా రావడం తరచూ కనిపించేదే. ఆ చిన్నతనం కొంత క్లారిటీని వదులుకోవడం వల్ల వస్తుంది. జుట్టు, పట్టుచీర జరీ అంచు లాంటి సన్నటి వివరాలు మెత్తబడి ఉంటాయి. వంద శాతానికి జూమ్ చేసి చూస్తే తెలుస్తుంది.

4. మీరు అడగకుండా సాఫ్ట్‌వేర్ చేసిన మార్పులు వెతకండి

ఎన్‌కోడర్ ఒకటే, నంబర్ ఒకటే, ప్రీసెట్ ఒకటే. అయినా సైజు వేరే. అప్పుడు అనుమానించాల్సింది ఎన్‌కోడర్‌కి చేరేముందు వీడియోకి ఏం జరిగిందన్నది.

మొదట ఫ్రేమ్‌రేట్. మీరు 60 ఫ్రేములతో షూట్ చేశారు. హ్యాండ్‌బ్రేక్‌లో ఫాస్ట్ 1080పీ30 అన్న పేరు చివర్లోనే 30 ఉంది, అది పై హద్దు. సగం ఫ్రేములు తీసేస్తుంది. స్లోమోషన్ కోసం కష్టపడి 60లో తీసిన అప్పగింతల షాట్ 30కి పడిపోయిందన్నమాట. మీ మిత్రుడి సాఫ్ట్‌వేర్ 60 అలాగే ఉంచి ఉంటే ఆయన ఫైలు పెద్దదవడంలో ఆశ్చర్యం లేదు. ఈ ఒక్క తేడా చూసుకోకుండా కంప్రెషన్ గురించి వాదించుకోవడం వృథా.

తర్వాత క్రాపింగ్. హ్యాండ్‌బ్రేక్ పైనా కిందా నల్ల పట్టీలు కనిపిస్తే తనంతట తాను కత్తిరిస్తుంది. సినిమాటిక్ లుక్ కోసం పట్టీలు మీరే వేసి ఉంటే 1920×1080 ఇచ్చినా 1920×816 లాంటిది బయటికి రావచ్చు. సైజు మీద దీని ప్రభావం తక్కువే, ఎందుకంటే కదలని నల్లరంగు కుదించడం ఏ ఎన్‌కోడర్‌కైనా తేలిక. కొలతలు ఎందుకు మారాయో తెలియక కంగారు పడతారని చెబుతున్నాను.

పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల నుంచో, డీవీడీల నుంచో తీసిన పెళ్లి వీడియోలైతే ఇంటర్‌లేసింగ్ చూడండి. మన దేశంలో పాల్ పద్ధతి కాబట్టి అవి 720×576లో, సెకనుకి 25 ఫ్రేములుగా, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులతో ఉంటాయి. ఒక సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ కలిపి 25 ఫ్రేములిస్తుంది. ఇంకొకటి విడదీసి 50 ఫ్రేములిస్తుంది. మరొకటి ఏమీ చేయకుండా దువ్వెన పళ్లలాంటి గీతల్ని కూడా బొమ్మలో భాగమనుకుని వాటి మీద బిట్లు తగలేస్తుంది. క్యాసెట్ మీది గరగర కూడా అంతే. ఒకచోట డీనాయిజ్ ఆన్‌లో ఉండి ఇంకోచోట లేకపోతే సైజులో తేడా చాలా పెద్దగా వస్తుంది. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ని కాపాడుకోవాలనుకునేవాళ్లకి నా మనవి: డీనాయిజ్ గట్టిగా పెట్టకండి. సైజు తగ్గిన సంతోషంలో ముఖాల మీది ముడతలు, చిరునవ్వు గీతలు తుడిచిపెట్టుకుపోయిన సంగతి గమనించం.

స్క్రీన్ రికార్డింగులు చేసేవాళ్లు రంగుల విషయం చూసుకోవాలి. మామూలు వీడియోలు 4:2:0 పద్ధతిలో రంగుల్ని తక్కువ వివరంతో దాస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి పూర్తి రంగులున్న రికార్డింగ్ ఇచ్చి ఏమీ చెప్పకపోతే అది 4:4:4లోనే తీయొచ్చు. అప్పుడు సైజూ మారుతుంది, పైగా చాలా ఫోన్లలో, టీవీల్లో అసలు ప్లే కాదు. "మీ వీడియోలో శబ్దం వస్తోంది, బొమ్మ రావట్లేదు సార్" అని విద్యార్థులు అంటున్నారా? ముందు ఇది చూడండి.

ఇక ఆడియో. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హ్యాండ్‌బ్రేక్ ఫాస్ట్ 1080పీ30లో ఏఏసీ 160 కేబీపీఎస్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనంతట తాను తీసుకునేది 128. మూడు గంటల వీడియోలో ఆ 32 కేబీపీఎస్ తేడాకే 43 ఎంబీ అవుతుంది. అది చిన్న విషయం. కెమెరాలో రికార్డయిన పీసీఎం ఆడియోని కుదించకుండా యథాతథంగా కాపీ చేస్తే అసలు ముప్పు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో అంటే 1536 కేబీపీఎస్. గంటకి 691 ఎంబీ. మూడు గంటలకి 2 జీబీ పైమాట! మొదట్లో మనం వెతికిన ఆ 2 జీబీ అంతా సన్నాయి మేళమే కావచ్చు. వీడియో రెండు ఫైళ్లలోనూ ఒకటే అయి ఉండొచ్చు.

5. రెండు ఫైళ్లనీ మీడియాఇన్ఫోలో పక్కపక్కన పెట్టండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఊహించక్కర్లేదు, కళ్లతో చూడొచ్చు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. రెండు ఫైళ్లనీ అందులో తెరిచి టెక్స్ట్ వ్యూ పెట్టండి. మొత్తం సైజు దగ్గర ఆగిపోకుండా, వీడియో స్ట్రీమ్ సైజు ఎంత, ఆడియో స్ట్రీమ్ సైజు ఎంత అని విడివిడిగా చూడండి. తేడా ఆడియోలోనే ఉంటే మీ పని అక్కడితో అయిపోయింది.

వీడియోలో ఉంటే ఇంకాస్త కిందికి రండి. ఎక్స్264 ఒక మంచి పని చేస్తుంది. తను వాడిన సెట్టింగులన్నిటినీ వీడియో లోపలే రాసిపెడుతుంది. రైటింగ్ లైబ్రరీ అన్నచోట ఎక్స్264 కోర్ 164 అన్నట్టు వెర్షన్ కనిపిస్తుంది. దాని కింద ఎన్‌కోడింగ్ సెట్టింగ్స్ అన్నచోట పొడవాటి వరుస ఉంటుంది. క్యాబాక్ 1, రెఫ్ 3, బీఫ్రేమ్స్ 3, కీఇంట్ 250, ఆర్‌సీ లుక్‌అహెడ్ 40, సీఆర్ఎఫ్ 23.0, ఏక్యూ 1, ఇలా సాగిపోతుంది. మీరు పెట్టని సెట్టింగులు అన్నాను చూడండి, అవి ఇవే. రెండు ఫైళ్ల వరుసల్నీ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి, ఎక్కడ విలువ మారిందో గుర్తు పెట్టుకోండి. ఒకదాన్లో రెఫ్ 3, లుక్‌అహెడ్ 40 ఉండి ఇంకోదాన్లో రెఫ్ 2, లుక్‌అహెడ్ 30 ఉంటే మొదటిది మీడియం, రెండోది ఫాస్ట్ అని చెప్పేయొచ్చు.

కీఇంట్ అంటే రెండు కీఫ్రేముల మధ్య గరిష్ఠ దూరం. కీఫ్రేము పూర్తి బొమ్మ, కాబట్టి బరువెక్కువ. లైవ్ స్ట్రీమింగ్ కోసం రెండు సెకన్లకొకటి పెట్టే ప్రీసెట్‌తో రికార్డింగ్ తీస్తే, ఏమీ కదలని క్లాసు వీడియో కూడా లావెక్కుతుంది. ప్రొఫైల్ కూడా చూడండి. ఒకదాన్లో మెయిన్, ఇంకోదాన్లో హై ఉంటే, పెద్ద గళ్లలో కుదించే 8×8 వెసులుబాటు హై ప్రొఫైల్‌కే ఉంది.

ఈ సెట్టింగుల వరుస అసలు లేదనుకోండి. అదీ ఒక ఆచూకీయే. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు సాధారణంగా దాన్ని రాయవు.

వరుసలో థ్రెడ్స్ అన్న విలువ కూడా ఉంటుంది. అది మీ ప్రాసెసర్‌లో కోర్లని బట్టి మారుతుంది. కోర్లు తక్కువున్న లాప్‌టాప్‌లో, ఎక్కువున్న డెస్క్‌టాప్‌లో అన్నీ ఒకేలా పెట్టి తీసినా దీనివల్ల సైజు కొద్దిగా మారుతుంది. అది అతి చిన్న తేడా. దాని వెనక పడి నిద్ర పాడుచేసుకోకండి.

6. తలంబ్రాల నిమిషంతో పరీక్షించండి

మూడు గంటల ఫైలు తీసి పోల్చడం టైము దండగ. నిమిషం ముక్క చాలు. ఏ నిమిషం అన్నదే ముఖ్యం.

పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతున్న షాట్ తీసుకున్నారనుకోండి. కెమెరా ట్రైపాడ్ మీద ఉంది. వెనక పూల మండపం కదలదు. ఎన్‌కోడర్ మొదటి ఫ్రేము దాచుకుని, తర్వాతి ఫ్రేముల్లో "పెదవులు కదిలాయి, చేయి లేచింది" అని మార్పులు మాత్రం రాసుకుంటుంది. ఏ ఎన్‌కోడర్ అయినా ఈ షాట్‌ని చక్కగా కుదిస్తుంది. దీనితో పరీక్షిస్తే అందరూ మంచివాళ్లే.

తలంబ్రాల షాట్ తీసుకోండి. పసుపు బియ్యపు గింజలు గుప్పిళ్లలోంచి లేచి, వేలకొద్దీ, ఒక్కోటీ ఒక్కో దారిలో పడుతుంటాయి. ముందు ఫ్రేములో ఉన్న గింజ ఈ ఫ్రేములో ఎక్కడుందో వెతకడమే ఎన్‌కోడర్ పని, ఇక్కడ ఆ పని అసాధ్యానికి దగ్గరగా ఉంటుంది. మధ్యలో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలుగుతుంది, ఆ ఒక్క ఫ్రేముకి వెనకాముందు ఫ్రేములతో పోలికే దొరకదు. క్లారిటీ మీద నడిచే ఎన్‌కోడర్ ఇక్కడ బిట్లు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంది. స్థిరమైన బిట్‌రేట్ ఇచ్చినదైతే ఇంకా ఖర్చు పెట్టలేక, వధువు ముఖం పక్కన గళ్లు తేలుస్తుంది. రెండు ఎన్‌కోడర్ల మధ్య అసలు తేడా ఈ నిమిషంలో బయటపడుతుంది. దానికి హోమం పొగ, రిసెప్షన్ స్టేజీ వెనక ఎల్ఈడీ తెర, రాత్రి ఊరేగింపు చీకటి కలిపితే మీ పరీక్ష ముక్క సిద్ధం.

ఇప్పుడు పోలిక ఇలా చేయండి. ఒక ఎన్‌కోడర్‌తో మీకు నచ్చిన క్లారిటీ వచ్చేదాకా నంబర్ సరిచేసుకోండి. రెండో ఎన్‌కోడర్‌లో అదే సైజు వచ్చేదాకా దాని నంబర్ మార్చండి. రెండు ఫైళ్లూ ఒకే సైజుకి వచ్చాక వాటిని ఒకే ఫ్రేము దగ్గర ఆపి పక్కపక్కన చూడండి. జడలో పూలు, జరీ, గింజల అంచులు ఎందులో బాగున్నాయి? ఆ ఎన్‌కోడర్ మీకు మంచిది. కంటిని నమ్మలేకపోతే నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ విడుదల చేసిన వీమాఫ్ ఉంది. ఒరిజినల్‌తో పోల్చి వంద మార్కులకి ఎన్నో చెబుతుంది. పెళ్లి వీడియోలకి మీ కన్నే చాలు.

7. సైజే కావాలంటే సైజే అడగండి

మీకు నిజంగా కావాల్సింది ఫలానా సైజులోపు ఫైలే అయితే సీఆర్ఎఫ్ చుట్టూ తిరగకండి. టూ పాస్ పెట్టి బిట్‌రేట్ ఇవ్వండి. లెక్క ఇదీ.

మీరు లెక్చరర్. 50 నిమిషాల క్లాసు 500 ఎంబీ దాటకూడదని కాలేజీవాళ్లు చెప్పారు. 500ని 8తో హెచ్చిస్తే 4000 మెగాబిట్లు, అంటే 40 లక్షల కిలోబిట్లు. 50 నిమిషాలంటే 3000 సెకన్లు. భాగిస్తే సెకనుకి 1333. అందులో ఆడియోకి 128 తీసేయండి. ఎంపీ4 పెట్టెకి, చిన్న చిన్న హెచ్చుతగ్గులకి కాస్త జాగా వదిలి వీడియోకి 1150 ఇవ్వండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో తీసినా 480 ఎంబీ దరిదాపుల్లో వస్తుంది. మొదటి పాస్‌లో ఎన్‌కోడర్ వీడియో మొత్తం చదివి ఎక్కడ ఎంత కావాలో రాసుకుంటుంది, రెండో పాస్‌లో పంచుతుంది. అందుకే టైము ఎక్కువ పడుతుంది.

8. ఒక్కోసారి తేడాయే ఉండదు

అదే ఫైలు మీ మ్యాక్‌లో 1.4 జీబీ, కస్టమర్ విండోస్ సిస్టమ్‌లో 1.30 జీబీ అని చూపిస్తోందా? రెండూ కరెక్టే. మ్యాక్ 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి వెయ్యితో భాగించి లెక్కేస్తోంది, విండోస్ 1024తో భాగిస్తుంది. పోల్చేటప్పుడు ప్రాపర్టీస్‌లో బైట్ల సంఖ్యనే చూడండి.

కస్టమర్‌కి ఏం చెప్పాలి?

"అన్నా, మా బావ పెళ్లి వీడియో 6 జీబీ ఉంది, మాది 4 జీబీయే ఉందేంటి? క్లారిటీ తగ్గించారా?" అని పెళ్లికూతురి తమ్ముడు అడుగుతాడు. అడిగే హక్కు అతనికి ఉంది, డబ్బులిచ్చారు. చిరాకు పడకండి, సాంకేతిక పదాలతో ఊదరగొట్టకండి. "కూర్చో తమ్ముడూ" అని రెండు ఫైళ్లూ మీడియాఇన్ఫోలో తెరిచి, ఆడియో ఎంత, వీడియో ఎంత, ఫ్రేములెన్ని అని చూపించండి. తలంబ్రాల దగ్గర ఆపి టీవీలో చూపించండి. మీ ఫైలు బాగుంటే అతనే ఒప్పుకుంటాడు. బాగాలేకపోతే ఎక్స్264లో నంబర్ రెండు తగ్గించి మళ్లీ తీసివ్వండి, అది మీ పనికి గౌరవమే.

మళ్లీ తీయాలంటే మాస్టర్ కావాలి కదా. కస్టమర్‌కి ఇచ్చిన ఎంపీ4 నుంచి ఇంకో ఎంపీ4 తీయకండి. ఒకసారి కుదించినప్పుడు పోయిన వివరం తిరిగి రాదు, పైగా మొదటి ఎన్‌కోడర్ మిగిల్చిన గళ్లని రెండోది నిజమైన బొమ్మ అనుకుని వాటికీ బిట్లు ఖర్చు పెడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్కువ బిట్‌రేట్‌తో తీసిన మాస్టర్‌ని హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోండి. దాని పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, ఎన్‌కోడర్ పేరు, వెర్షన్, ప్రీసెట్, నంబర్, ఫ్రేమ్‌రేట్, ఆడియో బిట్‌రేట్ రాసిపెట్టండి. యూట్యూబ్‌కి ఎక్కించే కాపీ కూడా ఆ మాస్టర్ నుంచే తీయండి. అక్కడ సైజు తగ్గించే అవసరమే లేదు, మీరు ఏమిచ్చినా యూట్యూబ్ మళ్లీ తన పద్ధతిలో కుదించుకుంటుంది. 1080పీలో 30 ఫ్రేముల వీడియోకి 8 ఎంబీపీఎస్, 60 ఫ్రేములకి 12 ఇమ్మని వాళ్లే సూచిస్తారు. మీ నెట్ తట్టుకుంటే అంతకంటే ఎక్కువే ఇవ్వండి.